డిస్కు కథ - నడుము నొప్పి చరిత్ర

ఇద్దరు పెన్షనర్లు కలిస్తే డి.ఏ. బకాయిల తరువాత వచ్చే ప్రస్తావన నడుము నొప్పే. "డిస్కు జారిందట" అని ఒకరంటే, "అయితే ఇక జన్మంతా ఇంతేనా?" అని రెండవవారు నిట్టూరుస్తారు. ఈ భయం ఎలా పుట్టింది, అందులో నిజమెంత అన్నది వైద్య చరిత్రను కాస్త తిరగేస్తే బోధపడుతుంది.

పాత జబ్బే, కొత్త పేరు

నడుము నుంచి కాలిలోకి దిగే నొప్పిని మన ప్రాచీనులు ఎరుగుదురు. చరకుడు వాతరోగాలలో 'గృధ్రసి'ని లెక్కించాడు. కాలు పైకెత్తలేకపోవడం దాని లక్షణమని సుశ్రుత సంహిత చెప్పింది. నేటికీ డాక్టరుగారు రోగిని వెల్లకిలా పడుకోబెట్టి, మోకాలు వంగకుండా కాలు పైకెత్తి చూస్తారు. ఈ పరీక్షను 1880లో సెర్బియా వైద్యుడు లాజరేవిచ్, 1881లో ఫ్రాన్సులో లసేగ్ శిష్యుడు ఫోర్స్ట్ వివరించారు. పేరు మాత్రం గురువుగారికే దక్కింది. అంతకు చాలా ముందే, 1764లో, ఇటలీకి చెందిన కొతూన్యో తుంటి కీలు నొప్పి వేరు, తుంటి నరం నొప్పి వేరు అని తేల్చాడు. కాని ఆ నరం ఎందుకు బాధపెడుతుందో చాలాకాలం తెలియలేదు.

వెన్నుపూసల మధ్య దిండ్లలా అమరి ఉండేవే డిస్కులు. చుట్టూ గట్టి నారల వలయం, లోపల మెత్తని జిగురు పదార్థం ఉంటాయి. 'జారడం' అన్నది వాడుక మాటే. డిస్కు మొత్తంగా పక్కకు జరిగిపోదు. వలయం బలహీనపడి లేదా చిట్లి, లోపలి పదార్థం బయటకు ఉబికి నరాన్ని తాకుతుంది.

1908లో బెర్లిన్‌లో క్రౌజె అనే శస్త్రవైద్యుడు అలాంటి ముక్కను తీసి, అది మృదులాస్థి గడ్డ అనుకున్నాడు. ఈ పొరపాటు మరో పాతికేళ్ళు సాగింది. చివరకు అమెరికాలోని బోస్టన్ నగరంలో మిక్స్‌టర్, బార్ అనే ఇద్దరు వైద్యులు, గడ్డలని భద్రపరచిన పాత ముక్కలను మళ్ళీ పరీక్షించి, వాటిలో చాలావరకు డిస్కు ముక్కలేనని గుర్తించారు. 1934లో వెలువడిన వారి వ్యాసం వైద్యలోకాన్ని మలుపు తిప్పింది.

డిస్కు రాజ్యమేలిన కాలం

కారణం దొరికిందన్న ఉత్సాహంలో ప్రతి నడుము నొప్పికీ డిస్కే ముద్దాయి అయింది. ఆపరేషన్లు పెరిగాయి. మిగిలినవారికి వారాల తరబడి పడక, బరువులు కట్టి లాగడం, నడుముకు పట్టీ. 'కదిలితే ప్రమాదం' అన్న భయం ఇంటింటా పాతుకుపోయింది.

ఆ తరువాత ఒక్కొక్క పరిశోధన ఈ నమ్మకాన్ని సడలించింది. ఆపరేషన్ కావాలో వద్దో ఇదమిత్థంగా చెప్పలేని 126 మంది రోగులను నార్వే వైద్యుడు వెబర్ పదేళ్ళు గమనించి 1983లో ఫలితాలు ప్రకటించాడు. మొదటి ఏడాది ఆపరేషన్ చేయించుకున్నవారే మెరుగు. నాలుగేళ్ళకు ఆ తేడా బాగా తగ్గింది. పదేళ్ళకు ఇరువర్గాలూ దాదాపు సమానం. ఉబికిన ముక్కను శరీరమే క్రమంగా కరిగించుకోగలదని కూడా తరువాతి స్కానింగులు చూపాయి.

1994లో అమెరికాలో నడుము నొప్పి లేని 98 మందికి ఎం.ఆర్.ఐ. తీశారు. సగానికి పైగా వ్యక్తులలో కనీసం ఒక డిస్కు ఉబ్బి ఉంది! అన్ని డిస్కులూ సవ్యంగా ఉన్నవారు నూటికి 36 మందే. అంటే నెరసిన జుట్టులాగే డిస్కు అరుగుదల కూడా చాలామందికి వయసు తెచ్చే మార్పు. 1999లో నెదర్లాండ్స్‌లో కాలిలోకి దిగే నొప్పి ఉన్న 183 మందిపై జరిపిన పరిశీలనలో, రెండు వారాలు మంచం పట్టినవారూ, పట్టనివారూ 12 వారాలకు ఒకే మేరకు, నూటికి 87 మంది, మెరుగయ్యారు. పడక వల్ల ఒరిగిందేమీ లేదు.

నొప్పి ఎందుకు మిగిలిపోతుంది?

మరి కొందరికి నొప్పి ఏళ్ళ తరబడి ఎందుకుంటుంది? 1965లో మెల్జాక్, వాల్ అనే శాస్త్రజ్ఞులు వెన్నుపాములో నొప్పి సంకేతాలను హెచ్చించే, తగ్గించే 'ద్వారం' వంటి ఏర్పాటు ఉందని ప్రతిపాదించారు. వివరాలు తరువాత మారినా మూలభావన నిలిచింది. గాయం మానినా నాడీమండలం అతిగా స్పందించడం అలవాటు చేసుకోవచ్చు. నిద్రలేమి, దిగులు, కదలడానికి భయం దానికి ఆజ్యం పోస్తాయి. దీని అర్థం నొప్పి కల్పితమని కాదు. నొప్పి నిజమే, కాని దాని మూలం ఫిల్ములో కనబడే ఉబ్బు ఒక్కటే కాదు. మూడు నెలలు మించిన నొప్పిని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించిన వ్యాధుల వర్గీకరణ ప్రత్యేక సమస్యగా గుర్తించింది.

కనుక స్కానింగు రిపోర్టు చదివి కుంగిపోవద్దు. చేతనైనంత నడక, డాక్టరు సలహాపై వ్యాయామం, ఇంటి పనులు మానవద్దు. ఇంట్లోవారు కూడా "నాన్నగారూ, మీరు కదలకండి" అని ప్రేమతో మంచానికి కట్టేయవద్దు. అయితే మూత్రం బిగబట్టినా, అదుపు తప్పినా, కూర్చునే చోట తిమ్మిరెక్కినా, కాలు బలం తగ్గుతున్నా ఆలస్యం కూడదు, ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళాలి. జ్వరంతోగాని, పడిన తరువాతగాని వచ్చిన నొప్పినీ, పూర్వం క్యాన్సర్ ఉన్నవారి నొప్పినీ ఉపేక్షించరాదు. ఆపరేషన్ అవసరమయ్యేవారు ఉన్నారు, కాని వారు కొద్దిమందే. మిగిలిన వారికి చరిత్ర చెప్పే ధైర్యం ఒక్కటే: డిస్కు జారినంత మాత్రాన జీవితం జారిపోదు.