భాగం - 7: రాస్ రైఫిల్ వైఫల్యం (1915-16) - కారణాల అన్వేషణ

7.0 లక్ష్యాలు

ఈ భాగం చదివిన తరువాత మీరు:
- మొదటి ప్రపంచ యుద్ధంలో కెనడా సైనికుల రాస్ రైఫిళ్లు ఎందుకు పట్టేశాయో వివరించగలుగుతారు.
- ఒక సాంకేతిక లోపం రాజకీయ వివాదంగా ఎలా మారిందో చెప్పగలుగుతారు.
- ఒక సంఘటనకు గల అనేక కారణాలను విడదీసి, వాటి మధ్య సంబంధాన్ని గుర్తించగలుగుతారు.

7.1 పరిచయం

యుద్ధాల చరిత్రలో సేనానుల వ్యూహాలకు, ఒప్పందాలకు దక్కిన చోటు సైనికుడి చేతిలోని ఆయుధానికి దక్కదు. కానీ శత్రువు ఎదుటికి వచ్చిన క్షణంలో తుపాకీలోకి తూటా ఎక్కకపోతే ఏ వ్యూహమూ ఆ సైనికుణ్ణి కాపాడలేదు. 1915 ఏప్రిల్‌లో బెల్జియంలోని ఈప్ర్ పట్టణం దగ్గర కెనడా సైనికులకు ఎదురైన పరిస్థితి ఇదే. తుపాకీ ఎందుకు పట్టేసింది అన్న ప్రశ్నకు అప్పట్లో తూటాలు, తుపాకీ, బురద, సైనికుల శిక్షణ అని తలా ఒక జవాబు చెప్పారు. వీటిలో ఏది నిజమో తేల్చడానికి ఏడాదికి పైగా పట్టింది. ఆ ఆలస్యం ఎందుకు జరిగిందన్నదే ఈ భాగంలో మన ప్రధాన ప్రశ్న.

7.2 నేపథ్యం: కెనడాకు సొంత రైఫిల్

బోయర్ యుద్ధ కాలంలో (1899-1902) కెనడా బ్రిటన్ నుంచి లీ-ఎన్‌ఫీల్డ్ రైఫిళ్లు కోరింది. తన సైన్యానికే చాలని స్థితిలో ఉన్న బ్రిటన్ వాటిని సరఫరా చేయలేకపోయింది. అవసరం వచ్చినప్పుడు ఇతరులపై ఆధారపడకూడదన్న ఆలోచన కెనడాలో అప్పుడే బలపడింది. ఈ సమయంలోనే స్కాట్లండ్‌కు చెందిన ధనిక భూస్వామి సర్ చార్లెస్ రాస్ తాను రూపొందించిన రైఫిల్‌తో ముందుకు వచ్చాడు. దాన్ని కెనడాలోనే తయారుచేస్తానన్నాడు.

1901లో జరిపిన పరీక్షల్లో ఈ రైఫిల్ వేగంగా కాల్చినప్పుడు ఇబ్బంది పెట్టింది. అయినా పరీక్షా సంఘం దాన్ని సిఫారసు చేసింది. ఆ సంఘ సభ్యుల్లో ఒకడైన సామ్ హ్యూస్ 1911లో సైనిక వ్యవహారాల మంత్రి అయ్యాడు. క్యూబెక్ నగరంలో కర్మాగారం వెలిసింది. 1905లో తొలి రైఫిళ్లు బయటికి వచ్చాయి.

ఇంచుమించు ఇదే కాలంలో బెంగాల్‌లోని ఇషాపూర్ కర్మాగారం బ్రిటిష్ నమూనా లీ-ఎన్‌ఫీల్డ్‌నే తయారుచేయసాగింది. కెనడా మాత్రం వేరే దారి పట్టింది. రెండు తుపాకులకూ వాడేది ఒకే .303 తూటా. పేరుకు తూటా ఒకటే అయినా, దాన్ని పట్టే గది కొలత ఒకటి కాదు. తరువాతి కష్టాలకు బీజం ఇక్కడే పడింది.

గురి విషయంలో రాస్ రైఫిల్‌కు వంక పెట్టడానికి లేదు. ఇంగ్లండ్‌లోని బిస్లీ గురి పోటీల్లో అది బహుమతులు గెలిచింది. ఆ పోటీల్లో తూటాలు శుభ్రంగా ఉంటాయి, కాల్చడానికి కావలసినంత వ్యవధి ఉంటుంది. కందకంలో ఈ రెండూ ఉండవు.

7.3 ఈప్ర్ యుద్ధరంగం

1915 ఫిబ్రవరిలో మొదటి కెనడా డివిజన్ ఫ్రాన్స్ చేరింది. ఏప్రిల్ 22న జర్మన్లు ఈప్ర్ దగ్గర క్లోరిన్ విషవాయువును వదిలారు. పశ్చిమ రంగంలో దాన్ని పెద్ద ఎత్తున ప్రయోగించడం అదే మొదటిసారి. 24న ఆ వాయువు నేరుగా కెనడా సైనికుల మీదికే వచ్చింది. కళ్లు మండుతూ, ఊపిరాడక, మూకుమ్మడిగా వస్తున్న శత్రువుపై వేగంగా కాల్చవలసిన ఆ సమయంలోనే చాలామంది రైఫిళ్లు పట్టేశాయి. కొందరు బోల్ట్‌ను బూటుకాలితో తన్ని, మరికొందరు కందకాలు తవ్వే పనిముట్ల కర్రలతో కొట్టి తెరవవలసి వచ్చింది. కొన్ని రోజుల పోరులో కెనడా దళాలకు మరణించినవారు, గాయపడినవారు, పట్టుబడినవారు కలిపి సుమారు 6,000 మంది నష్టం జరిగింది.

ఈ నష్టమంతా రైఫిల్ వల్లనే జరిగిందనడం సరికాదు. విషవాయువు, ఫిరంగులు, శత్రువు సంఖ్యాబలం ప్రధాన కారణాలు. అయితే బతికి బయటపడిన సుమారు 5,000 మందిలో 1,452 మంది తమ రాస్ రైఫిళ్లను వదిలేసి, యుద్ధరంగంలో దొరికిన లీ-ఎన్‌ఫీల్డ్‌లను చేపట్టారు. సైనికులు తమ అభిప్రాయాన్ని చేతలతో చెప్పారు. చరిత్రకారుడికి ఇది విలువైన ఆధారం.

7.4 లోపం ఎక్కడ ఉంది?

రైఫిల్ గొట్టం వెనుక కొసన తూటా కూర్చునే గదిని చాంబర్ అంటారు. బోల్ట్ తూటాను ఆ గదిలోకి నెట్టి తలుపులా మూసుకుంటుంది. తూటా పేలినప్పుడు దాని ఇత్తడి తొడుగు ఉబ్బి గది గోడలకు ఆనుకుంటుంది. ఒత్తిడి తగ్గగానే కొంచెం ముడుచుకుని బయటికి రావాలి. ఈ క్రమం రాస్ రైఫిల్‌లో దెబ్బతినడానికి నాలుగు కారణాలను గుర్తించవచ్చు.

(అ) గది ఇరుకు: మంచి గురి కోసం రాస్ చాంబర్‌ను బిగువుగా తొలిచారు. లీ-ఎన్‌ఫీల్డ్ చాంబర్‌తో పోలిస్తే తేడా అంగుళంలో కొన్ని వెయ్యో వంతులే. కానీ ఆ కాస్త సందే బురదకూ, తూటాల కొలతల్లోని హెచ్చుతగ్గులకూ చోటిస్తుంది.

(ఆ) తూటాల తేడా: కెనడాలోని డొమినియన్ ఆర్సెనల్ తూటాలు ఈ గదికి సరిపోయేవి. యుద్ధరంగంలో చేతికి వచ్చినవి బ్రిటిష్ తూటాలు. యుద్ధ అవసరాల ఒత్తిడిలో తయారైన వాటిలో కొన్ని కొంచెం లావుగా ఉండేవి. లీ-ఎన్‌ఫీల్డ్ వాటిని ఇబ్బంది లేకుండా పట్టింది. రాస్‌లో అవి ఎక్కడమూ కష్టమే, ఎక్కినవి రావడమూ కష్టమే.

(ఇ) నేరుగా లాగే బోల్ట్: లీ-ఎన్‌ఫీల్డ్ బోల్ట్‌ను ముందు పైకి తిప్పి, తరువాత వెనక్కి లాగాలి. ఆ తిప్పడంలోనే అంటుకున్న తొడుగు సడలుతుంది. రాస్ బోల్ట్‌ను తిప్పే పని లేదు, నేరుగా లాగడమే. నేలలో దిగిన గుంజను ఊరికే పైకి లాగితే రాదు, అటూ ఇటూ తిప్పితే వదులవుతుంది. రాస్‌లో ఆ తిప్పే బలం సైనికుడికి దక్కలేదు.

(ఈ) బోల్ట్ పళ్లు దెబ్బతినడం: రాస్ మార్క్-3 నమూనాలో బోల్ట్ తల మీద మరచుట్ల వంటి పళ్లు ఉండేవి. బోల్ట్‌ను వెనక్కి లాగినప్పుడు వాటిలో ఒకటి చిన్న అడ్డుముక్కకు తగిలి ఆగేది. గట్టిగా లాగిన ప్రతిసారీ ఆ పన్ను అంచు కొద్దికొద్దిగా నలిగేది. నలిగిన పన్ను తన గాడిలో సరిగా దూరదు కాబట్టి బోల్ట్ పూర్తిగా మూసుకోదు. ఈ లోపం తరువాతి పరిశీలనల్లో స్పష్టపడింది.

ఈ నాలుగూ ఒకదాన్నొకటి పెంచుతాయని గమనించండి. లావు తూటా ఇరుకు గదిలో అంటుకుంటుంది. దాన్ని రాబట్టడానికి సైనికుడు బోల్ట్‌ను బలంగా తన్నుతాడు. ఆ బలానికి పన్ను నలుగుతుంది. ఆపైన సరైన కొలత ఉన్న తూటా పెట్టినా బోల్ట్ మూసుకోదు. అందువల్ల తూటా ఒక్కటే కారణమన్నవారి మాటలోనూ, తుపాకీ ఒక్కటే కారణమన్నవారి మాటలోనూ సగం నిజమే ఉంది.

7.5 వివాదం - నిర్ణయం

1915 జూన్‌లో బ్రిటిష్ సేనాధిపతి సర్ జాన్ ఫ్రెంచ్ ఆదేశంతో మొదటి డివిజన్‌కు లీ-ఎన్‌ఫీల్డ్‌లు ఇచ్చారు. తరువాత వచ్చిన కెనడా డివిజన్లు మాత్రం రాస్ రైఫిళ్లతోనే యుద్ధరంగంలోకి దిగాయి. చాంబర్లను కొంత వెడల్పు చేశారు. ఫిర్యాదులు మాత్రం ఆగలేదు.

మంత్రి హ్యూస్ దృష్టిలో లోపమంతా బ్రిటిష్ తూటాలదే. రాస్ రైఫిల్ ఆయనకు కెనడా స్వావలంబనకు గుర్తు, తన సొంత తీర్పుకు సాక్ష్యం. దాన్ని విమర్శిస్తే దేశాన్నే విమర్శించినట్లు భావించాడు. 1916లో కెనడా దళాధిపతి ఆల్డర్సన్ రైఫిల్ లోపాలను లిఖితపూర్వకంగా తెలిపినప్పుడు, హ్యూస్ ఆయనను తీవ్రంగా మందలిస్తూ జవాబు రాశాడు. ఆ జవాబు నకళ్లను ఆల్డర్సన్ కింద పనిచేసే అధికారులకు కూడా పంపాడు. లోపాన్ని ఎత్తిచూపిన అధికారికే ఆ గతి పడితే, కందకంలోని సామాన్య సైనికుడి మాటకు విలువ ఎంత ఉంటుందో ఊహించవచ్చు. 1916 మే నెలాఖరుకు ఆల్డర్సన్ స్థానంలో జూలియన్ బింగ్ వచ్చాడు. ఈ మార్పుకు సెంట్ ఎలోయ్ వైఫల్యం వంటి ఇతర కారణాలు కూడా ఉన్నాయి.

చివరికి కొత్త సేనాధిపతి డగ్లస్ హేగ్ జరిపించిన విచారణ రాస్ నమ్మదగినది కాదని తేల్చింది. 1916 సెప్టెంబరు నాటికి కెనడా డివిజన్లన్నిటికీ లీ-ఎన్‌ఫీల్డ్‌లు అందాయి. అదే ఏడాది నవంబరులో ప్రధాని రాబర్ట్ బోర్డెన్ హ్యూస్ చేత రాజీనామా చేయించాడు. 1917లో ప్రభుత్వం క్యూబెక్ కర్మాగారాన్ని స్వాధీనం చేసుకుంది.

దూరం నుంచి గురిచూసి కాల్చే స్నైపర్లు మాత్రం రాస్ రైఫిల్‌ను ఇష్టంగా వాడుతూనే వచ్చారు. వారు తూటాలను ఏరుకుని, తుపాకీని శుభ్రంగా ఉంచుకుని, నెమ్మదిగా కాల్చేవారు. అదే తుపాకీ ఒకరికి ఆప్తమిత్రం, మరొకరికి ప్రాణాంతకం. తేడా ఆయుధంలో లేదు, అది ఏ పరిస్థితుల్లో పనిచేయాలో అందులో ఉంది.

7.6 సారాంశం

రాస్ రైఫిల్ వైఫల్యానికి ఇరుకు చాంబర్, కొలత తప్పిన తూటాలు, నేరుగా లాగే బోల్ట్, నలిగే పళ్లు కలిసి కారణమయ్యాయి. వీటిలో ప్రతి ఒక్కటీ పరిశీలనకు అందేదే, చాలావరకు సవరించదగినదే. 1901 నుంచి హెచ్చరికలు ఉన్నా, జాతీయ ప్రతిష్ఠ, వ్యక్తిగత పంతం ఆ పరిశీలనకు అడ్డుపడ్డాయి. సొంత పరిశ్రమ కావాలన్న కెనడా కోరిక తప్పు కాదు. ఆ పరిశ్రమ చేసిన వస్తువును ప్రశ్నించడమే ద్రోహమన్న వైఖరి తప్పు. దాని మూల్యాన్ని చెల్లించినవారు ఆ నిర్ణయాల్లో భాగం లేని సైనికులు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. కెనడా సొంత రైఫిల్ తయారీకి ఎందుకు పూనుకుంది?
2. లీ-ఎన్‌ఫీల్డ్ పట్టిన తూటాలను రాస్ ఎందుకు పట్టలేకపోయింది?
3. 1,452 మంది సైనికుల చర్యను చారిత్రక ఆధారంగా ఎలా ఉపయోగించవచ్చు?

మాదిరి పరీక్షా ప్రశ్న

"రాస్ రైఫిల్ వైఫల్యం సాంకేతికమైనది మాత్రమే కాదు, రాజకీయమైనది కూడా." ఈ వ్యాఖ్యను చర్చించండి.