మిలిటరీ డిస్పోజల్ జీపుల మరమ్మతు

మిలిటరీ డిస్పోజల్ జీపు అనగా సైన్యం వాడకం నుండి తొలగించి, వేలం ద్వారా పౌరులకు అమ్మిన జీపు. ఈ వాహనాలకు విడిభాగాలు దొరకడం కష్టం. కనుక లోపం ఎక్కడున్నదో నిర్ధారించిన తరువాతనే ఇంజనును గాని, గేరుబాక్సును గాని విప్పాలి. శ్రీ సత్యసాయి జిల్లాలోని (2022 వరకు అనంతపురం జిల్లా) హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంతాలలో వేసవి ఎండ, దుమ్ము, లవణాలు గల బోరునీరు, కొండదారులు ఈ లోపాలను త్వరగా బయటపెడతాయి.

చరిత్ర

రెండవ ప్రపంచయుద్ధ కాలంలో అమెరికాలో విల్లీస్, ఫోర్డ్ సంస్థలు కలిసి 6 లక్షలకు పైగా జీపులను తయారుచేశాయి. యుద్ధానంతరం భారతదేశంలో మిగిలిన జీపులు కొన్ని పౌరుల చేతికి వచ్చాయి. 1940ల చివరలో మహీంద్రా సంస్థ విల్లీస్ జీపుల కూర్పు ప్రారంభించింది. జబల్‌పూర్ వాహన కర్మాగారంలో 1969 నుండి 1999 వరకు తయారైన జొంగా, నిస్సాన్ పెట్రోల్ అనే జపాను వాహనానికి భారతీయ రూపం. తరువాతి కాలంలో సైన్యం మారుతీ జిప్సీలను విరివిగా వాడింది.

ఇంజను లోపాలు

యుద్ధకాలపు విల్లీస్ జీపులో 4 సిలిండర్లు, 2.2 లీటర్లు, 60 అశ్వశక్తి గల పెట్రోలు ఇంజను ఉంటుంది. సిలిండర్ల జ్వలన క్రమం 1-3-4-2. పెట్రోలు, స్పార్కు, కంప్రెషన్ సరిగా ఉన్నవా అని వరుసగా పరీక్షించాలి.

* స్టార్టరు నెమ్మదిగా తిరగడం: ఈ జీపు విద్యుత్ వ్యవస్థ 6 వోల్టులది. 12 వోల్టుల వ్యవస్థ కంటే దీనిలో ఎక్కువ కరెంటు ప్రవహిస్తుంది కనుక వదులైన ఎర్తు తీగ కూడా ఇబ్బంది కలిగిస్తుంది. బ్యాటరీ మార్చే ముందు తీగల కొనలను శుభ్రం చేయాలి.
* ఎండలో ఆగిపోయి, చల్లారాక మళ్ళీ నడవడం: పెట్రోలు గొట్టంలోనే ఆవిరిగా మారడం వలన గాని, వేడెక్కిన ఇగ్నిషన్ కాయిల్ వలన గాని ఇది జరుగుతుంది. ఆగిన వెంటనే స్పార్కు చూడాలి. స్పార్కు బలంగా ఉంటే లోపం పెట్రోలు సరఫరాలో ఉన్నట్లు. పెట్రోలు గొట్టాన్ని ఎగ్జాస్టుకు దూరంగా అమర్చాలి.
* నీరు మరగడం: బోరునీటి లవణాలు రేడియేటరులో పేరుకుంటాయి. శుభ్రం చేసినా తగ్గక, రేడియేటరులో బుడగలు వస్తుంటే హెడ్ గ్యాస్కెట్‌ను అనుమానించాలి. వేడిగా ఉన్నపుడు రేడియేటరు మూత తీయరాదు.
* చాలాకాలం నిలిపి ఉంచిన బండి: ట్యాంకులోని తుప్పు, పాత పెట్రోలు జిగురు కార్బురేటరును మూసివేస్తాయి. ట్యాంకును కడగకుండా కార్బురేటరును ఎన్నిసార్లు శుభ్రపరచినా ప్రయోజనం ఉండదు.

క్లచ్చు, గేరుబాక్సు లోపాలు

* ఇంజను వేగం పెరిగినా బండి వేగం పెరగకపోతే క్లచ్చు జారుతున్నది. గేరు వేసేటపుడు గరగరమంటే క్లచ్చు పూర్తిగా విడవడం లేదు. ముందుగా పెడలు సర్దుబాటు చూడాలి.
* న్యూట్రల్‌లో వచ్చే శబ్దం పెడలు నొక్కగానే ఆగితే గేరుబాక్సు బేరింగు, పెడలు నొక్కినపుడే వస్తే క్లచ్చు రిలీజ్ బేరింగు అరిగినట్లు.
* గేరు దానంతట అదే జారడం: ఇది అత్యంత ప్రమాదకరం. పెనుకొండ కొండదారి వంటి వాలులో దిగేటపుడు గేరు జారితే ఇంజను నిరోధం పోయి, భారమంతా బ్రేకులపై పడుతుంది. లీవరును చేతితో పట్టి ఉంచడం పరిష్కారం కాదు, దాని వలన లోపలి ఫోర్కు అరుగుతుంది. మొదట బిగింపు బోల్టులు, పైమూతలోని స్ప్రింగు, గుండు చూసి, ఆ తరువాత బేరింగులు, గేరు పళ్ళు పరీక్షించాలి.

ఫోర్ వీల్ డ్రైవ్

మలుపులో ముందు చక్రాలు వెనుక చక్రాల కంటే ఎక్కువ దూరం తిరుగుతాయి. తారురోడ్డుపై నాలుగు చక్రాలకు శక్తి అందిస్తే ఈ తేడాకు వీలు లేక ట్రాన్స్‌ఫర్ కేసు బిగుసుకొని, లీవరు వెనుకకు రాదు. కొద్దిదూరం రివర్సు నడిపితే సాధారణంగా విడుదల అవుతుంది. ముందు వెనుక వేరు వేరు పరిమాణాల టైర్లున్నా ఇదే జరుగుతుంది. కనుక ట్రాన్స్‌ఫర్ కేసు విప్పే ముందు టైర్లను కొలవాలి. ఫోర్ వీల్ డ్రైవ్‌ను ఇసుక, బురద, రాళ్ళదారులలో మాత్రమే వాడాలి.