బోడిగుండుకో కుళ్ళాయి

చెప్పులు అరుగు కింద విడిచి లోపలికి రండి. కాస్త చూసుకుని అడుగు వేయండి. గచ్చు మీద కత్తెర ఉంది, టేపు ఉంది, సుద్దముక్క ఉంది. వాటి మధ్యలో మూడో ఏడు నడుస్తున్న పిల్లాడున్నాడు. వాడి గుప్పిట్లో బాబిన్.

"ఆయ్, రండి, కూర్చోండి. ఖాళీగానే ఉన్నాను," అంటుంది అమ్మమ్మ, గుడ్డ మీంచి తలెత్తకుండా.

నరసాపురం, రుస్తుంబాద. మధ్యాహ్నం మూడు. కిటికీ దగ్గర తొక్కుడు మిషను మీద కూతురు పక్కింటావిడ జాకెట్టుకి చేతులు కలుపుతోంది. ఎల్లుండి భీష్మ ఏకాదశి, అంతర్వేది రథోత్సవం. పిల్లాడి పుట్టువెంట్రుకలు లక్ష్మీనరసింహస్వామికి మొక్కుకున్నారు. మాధవాయిపాలెం రేవులో పంటెక్కి సఖినేటిపల్లిలో దిగి, అక్కణ్ణుంచి అంతర్వేది వెళ్లాలి. వెళ్లేటప్పుడు జడతో, వచ్చేటప్పుడు గుండుతో. మాఘమాసం చలి ఇంకా తగ్గలేదు. సముద్రం దగ్గర కావడంతో వసిష్ఠ గోదావరి మీద సాయంత్రం గాలి మామూలు టోపీని నెత్తిన నిలవనివ్వదు. అందుకని చెవులు కప్పేసి, గడ్డం కింద ముడి వేసే కుళ్ళాయి కావాలి.

"లేసు అల్లే ఊళ్లో పుట్టి గుడ్డ టోపీ ఏంటమ్మా? మొత్తం లేసుతో అల్లెయ్యొచ్చు కదా?" కూతురు అంటుంది.

"లేత గుండు మీద లేసు ఒత్తుకుంటే పువ్వులన్నీ అచ్చులు పడతాయే. పైగా చిల్లుల్లోంచి గాలి. గుడ్డ లోపల, లేసు అంచుకి. అంతే."

పై గుడ్డ పాల రంగు కేంబ్రిక్. లోపల లైనింగుకి తాతగారి పాత పంచె. ఎన్ని ఉతుకులు చూసిందో గానీ, వేళ్ల మధ్య పెట్టి నలిపితే చప్పుడు కూడా చేయదు. రెండింటినీ నిన్ననే తడిపి, గంజి పెట్టకుండా ఆరేశారు. కొత్త గుడ్డ కుట్టాక కుంచించుకుపోతే ఈ పిల్లాడికి కాదు, బొమ్మకి తొడగాల్సిందే.

కొలత దగ్గర చిక్కొచ్చింది. ఒక చెవి కింద నుంచి నడినెత్తి మీదుగా రెండో చెవి కిందికి టేపు పదమూడున్నర అంగుళాలు చూపిస్తోంది. కానీ అది జుట్టుతో కలిపి. ఎల్లుండికి ఆ జుట్టుండదు. అమ్మమ్మ టేపుని వేళ్లతో అదిమి, వాడి ఒత్తు జుట్టుని చదును చేసి, పదమూడు దగ్గర గోరు ఆనించింది. నుదుటి నుంచి వెనక్కి ఐదున్నర. కుట్టుకి చుట్టూరా అరంగుళం వదలాలి.

కత్తిరింపు సులువే. పొడుగుపాటి పట్టీ ఒకటి, గుర్రపు లాడం ఆకారంలో వెనక ముక్క ఒకటి. వెనక ముక్క వెడల్పు మూడున్నర, ఎత్తు నాలుగున్నర. ఇలాంటివి రెండు జతలు, పైకొకటి లోపలికొకటి. పనంతా వాటిని కలిపే చోటే ఉంది. పదమూడంగుళాల అంచు, సుమారు పదకొండు అంగుళాల వంపులో ఇమడాలి. ఆమె అంచు వెంట రెండు వరసల కచ్చాకుట్టు వేసి, దారం కొసలు పట్టుకుని లాగుతుంది. కుచ్చులు ఒకచోట గుమిగూడతాయి. బొటనవేలి గోరుతో ఒక్కొక్కటీ జరుపుతూ పైవంపు వైపు ఎక్కువ, పక్కల తక్కువ ఉండేలా సర్దుతుంది. చెవి దగ్గర కుచ్చు లావైతే పిల్లాడు టోపీ పీకేస్తాడు. ఈ సంగతి ఏ కొలతల కాగితం మీదా ఉండదు.

మిషను మీది జాకెట్టు పక్కకి జరిగింది. కుట్టు పడ్డాక కూతురు వంపు పొడుగునా కత్తెర మొనతో చిన్న చిన్న గాట్లు పెడుతుంది. లేకపోతే తిప్పినప్పుడు గుడ్డ బిగుసుకుంటుంది. పై టోపీ, లోపలి టోపీ మొహాలు ఎదురెదురుగా పెట్టి నుదుటి అంచు కలిపి కుట్టి తిరగేస్తే, అతుకులన్నీ రెండు పొరల మధ్యకి వెళ్లి దాక్కుంటాయి. మెడ దగ్గరి అంచుకి క్రాస్ పట్టీ. అదే పట్టీని రెండు పక్కలా తొమ్మిదేసి అంగుళాలు పొడిగించి తాళ్లుగా మడిచి కుట్టింది. అంతకన్నా పొడుగైతే మెడకు చుట్టుకుంటాయని భయం. నిద్రపోతే టోపీ తీసెయ్యాలన్నది అమ్మమ్మ హుకుం.

ఇప్పుడు లేసు. ఆమె కాసేపు నడుం ఆనించి, కళ్లజోడు తుడుచుకుంది. నుదుటి అంచు పొడుగునా ముందు కాజాకుట్టు వేస్తుంది, బియ్యపుగింజంత ఎడంతో. కొక్కెం సూది ఆ కుట్టు ఉంగరంలో దూరి, దారాన్ని అందుకుని, వెనక్కి వస్తుంది. మూడు చెయిన్లు. ఒక కాజా వదిలి, తర్వాతి దాంట్లో ఐదు ఖంబాలు, చిన్న పువ్వు రేకు తేలింది. మళ్లీ ఒకటి వదిలి, బిగింపు. సూది వైపు చూడ్డం లేదు, పిల్లాడి వైపు చూస్తోంది. ఎడమ చూపుడువేలి పక్కన దారం రాసుకుని రాసుకుని గట్టిపడిన గీత కనిపిస్తోంది చూడండి.

ఈ పని స్కాట్లండ్ నుంచి వచ్చిన మెక్రే దంపతులు 1844లో దుమ్ముగూడెంలో నేర్పారని చెబుతారు. గోదావరి వెంట కిందికి దిగి నరసాపురంలో వేళ్లూనుకుంది. 1899 కరువునీ 1929 మాంద్యాన్నీ దాటింది, 2024లో భౌగోళిక గుర్తింపు తెచ్చుకుంది. డాయిలీలు, బల్లగుడ్డలు, దిండు గలీబులు ఓడలెక్కి పోయాయి. ఈ ఇంట్లో బల్ల మీద మాత్రం ప్లాస్టిక్ గుడ్డ.

ఇందాక అమ్మమ్మ "ఖాళీగానే ఉన్నాను" అన్నప్పుడు నాకు మరియా మీస్ పుస్తకం గుర్తొచ్చింది. ఆ జర్మన్ సామాజికవేత్త 1970ల చివర్లో ఈ చుట్టుపక్కల తిరిగి, లేసు అల్లే ఆడవాళ్లతో మాట్లాడి రాసిన పుస్తకం 1982లో వచ్చింది. వంటా వార్పూ కాక రోజుకి ఆరేడు గంటలు అల్లినా రూపాయి గిట్టని రోజులవి. వ్యాపారుల మాటల్లో అది తీరిక వేళ కాలక్షేపం. ఇల్లాలు కాబట్టి కూలీ కాదట, కూలీ కాదు కాబట్టి కూలి గురించి అడగకూడదట! ఒకరు పువ్వులు అల్లితే, ఇంకొకరిది వాటిని కలిపే అతుకుపని. పూర్తయిన దుప్పటి ఎంతకు పోయిందో ఇద్దరికీ తెలియదు. కూతురికీ అల్లిక వచ్చు, అల్లదు. గంటకి ఎంత మిగులుతుందో లెక్కేసుకుని జాకెట్లు కుడుతోంది. నన్నడిగితే ఆ లెక్క ఈ ఊరు ఎప్పుడో వేసుకోవాల్సింది.

"ఏదీ, ఇటు రా నాన్నా."

తొడిగితే టోపీ నెత్తి మీదే ఆగిపోయింది. జడ అడ్డం. కూతురు కంగారు పడింది. "బిగువైపోయిందే అమ్మా!"

"జుట్టు పోనీ, అప్పుడు చూడు." అమ్మమ్మ జడ విప్పి, కొబ్బరినూనె చేత్తో జుట్టంతా కిందికి పాముతుంది. చెవుల దాకా వచ్చింది. తాడు ముడేసి, గడ్డం కింద రెండు వేళ్లు దూర్చి చూసుకుంది. పిల్లాడు ముడి కొస నోట్లో పెట్టుకున్నాడు.

"గుండుకి గంధం రాస్తారు కదా, లోపలంతా మరకైపోద్దేమో?"

"గంధం ఆరాకే తొడగాలి. ఆరేదాకా వీడాగుతాడా?" అంటూ పంచెలో మిగిలిన ముక్క దులిపి గచ్చు మీద పరిచింది అమ్మమ్మ. "ఇంకోటి కత్తిరిస్తాను, నువ్వు మిషనెక్కు. దీనికి లేసేం వద్దులే. పక్కింటావిడ జాకెట్టు రేపు ఇద్దువుగాని."