ఆధారం చూపిన వ్యాఖ్యాత - కొలచల మల్లినాథసూరి

మెదకు పట్టణానికి సమీపాన, మంజీరా నది పారే సీమలో, కుల్చారమనే గ్రామమున్నది. కొల్చారమనీ వాడుక. కాళిదాసును వ్యాఖ్యానసహితంగా చదివిన ప్రతి విద్యార్థీ ఈ ఊరి పేరు విన్నవాడే. కాని అది మన తెలుగునాటి పల్లె అని ఎరిగినవారు కొందరే. కొలచల మల్లినాథసూరి ఇంటిపేరు ఈ గ్రామంనుండి వచ్చినదే.

ఒక పండితుడు ఎన్ని గ్రంథాలు వ్రాసినాడు, వాటిని ఎందరు ఉదాహరించినారు అని లెక్కించి, అతని స్థానాన్ని నిర్ణయించే పద్ధతి నేటి విశ్వవిద్యాలయాలలో ఉన్నది. ఆ కొలమానంతో చూచినా మల్లినాథునికి సాటి రాగల వ్యాఖ్యాతలు అరుదు. ఆయన 14వ శతాబ్ది ఉత్తరార్ధంలోనూ 15వ శతాబ్ది పూర్వార్ధంలోనూ జీవించినట్లు చరిత్రకారుల అభిప్రాయం. రఘువంశ, కుమారసంభవ, మేఘసందేశాలకు సంజీవని, కిరాతార్జునీయానికి ఘంటాపథం, శిశుపాలవధకు సర్వంకష, నైషధానికి జీవాతువు, భట్టికావ్యానికి సర్వపథీన ఆయన రచనలు. ఏకావళి అనే అలంకారగ్రంథానికి తరళ, తార్కికరక్షకు నిష్కంటక కూడ ఆయనవే. కుమారుడు కుమారస్వామి ప్రతాపరుద్రీయానికి రత్నాపణమనే వ్యాఖ్య వ్రాసి తండ్రి బాటనే నడచినాడు.

రచనల సంఖ్యకంటె వాటి పద్ధతి ముఖ్యం. ఆధారం లేనిది వ్రాయననీ, అక్కరలేనిది చెప్పననీ మల్లినాథుడు వ్యాఖ్యారంభంలోనే ప్రతిన పూనినాడు. పదానికి అర్థం చెప్పి ఊరకుండక, ఆ అర్థం ఏ నిఘంటువులో ఉన్నదో చూపినాడు. ఇత్యమరః, ఇతి యాదవః, ఇతి విశ్వః అంటూ అడుగడుగునా సాక్షిని పిలిచినాడు. వ్యాకరణానికి పాణిని, ధర్మానికి మనువు, రాజనీతికి కామందకుడు ఆయనకు సాక్షులు.

రాజ్యాల పరస్పర సంబంధాలను మన పూర్వులు షాడ్గుణ్యమన్నారు. సంధి, విగ్రహం, యానం, ఆసనం, ద్వైధీభావం, సంశ్రయం అనేవి ఆ ఆరు గుణాలు. శత్రువుపై దండెత్తుటయా, వేచియుండుటయా అని శిశుపాలవధ రెండవ సర్గలో కృష్ణుని యెదుట బలరామ ఉద్ధవులు వాదించినదీ ఈ శాస్త్రమే. ఇట్టి ఘట్టాలను మల్లినాథుడు నీతిశాస్త్ర వచనాలతో విప్పి చెప్పినాడు. రఘువంశం 17వ సర్గలో అతిథి మహారాజు పాలనను వివరిస్తూ కౌటిల్యుని పేరెత్తి అతని మాటలు ఉదాహరించినాడు.

ఆ ఉదాహరణల విలువ శతాబ్దాల తరువాత తెలిసివచ్చినది. చిరకాలం కనుమరుగైన కౌటిల్యుని అర్థశాస్త్రాన్ని మైసూరులో శ్యామశాస్త్రిగారు 1909లో అచ్చువేయించినారు. దొరికిన ప్రతి నిజంగా కౌటిల్యునిదేనా? ఈ ప్రశ్నకు సమాధానం వెదకినప్పుడు, పూర్వులు ఉదాహరించిన వాక్యాలను ఆ ప్రతితో పోల్చి చూడవలసివచ్చినది. అట్లు ఉపకరించిన సాక్ష్యాలలో మల్లినాథుని వ్యాఖ్య ఒకటి. మూలం పేరు చెప్పకుండ భావం మాత్రమే గ్రహించియుంటే ఆ సాక్ష్యం మనకు దక్కెడిది కాదు.

అయితే ఇంతటి ప్రతిష్ఠకు ఒక ప్రమాదమూ ఉన్నది. మేఘసందేశంలోని ఒక శ్లోకంలో దిఙ్నాగ, నిచుల శబ్దాలున్నవి. దిఙ్నాగుడు కాళిదాసుకు ప్రతిపక్షియైన పండితుడనీ, నిచులుడు మిత్రుడైన కవియనీ అక్కడ శ్లేష ఉన్నట్లు మల్లినాథుడు చెప్పినాడు. ఆ మాటను పట్టుకొని, బౌద్ధ తార్కికుడైన దిఙ్నాగుని కాలానికి కాళిదాసును ముడివేసినవారున్నారు. కాని 10వ శతాబ్ది కాశ్మీర వ్యాఖ్యాత వల్లభదేవుడు ఈ శ్లేష చెప్పలేదు. కాబట్టి దీనిని చరిత్రగా స్వీకరించుటకు పలువురు పండితులు సందేహించినారు. ఒక మాట ఎంతమంది నోట పలికినా, దాని బలం తొలి ఆధారంలోనే ఉంటుంది. మల్లినాథుడు తన పాఠకులకు నేర్పిన సూత్రమే ఇది. దానితోనే ఆయన మాటనూ పరీక్షించుట ఆయనకు అపచారం కాదు.

రాజాస్థానాల పేర్లు చెరగిపోయినవి, కోటలు శిథిలమైనవి. కాళిదాసు శ్లోకం క్రింద మాత్రం కొలచలవారి వ్యాఖ్య నేటికీ అచ్చవుతున్నది. గ్రంథం చదివేటప్పుడు, "ఈ మాటకు ఆధారమేమి?" అని మనం అడిగినంతకాలం కుల్చారం పేరు మాయదు.