కెమెరా చూసిన విశాఖ, చూడని విశాఖ

1978లో మద్రాసు సఫైర్ థియేటర్‌లో ఒక తెలుగు సినిమా విడుదలైంది. డబ్బింగ్ చేయలేదు. తెలుగు సరిగా రాని తమిళ ప్రేక్షకులే టికెట్లు కొనుక్కుని మళ్లీ మళ్లీ వెళ్లారు. ఏడాదిన్నర దాటినా ఆ సినిమా అక్కడ ఆడుతూనే ఉంది. అది కె. బాలచందర్ తీసిన ‘మరో చరిత్ర’. అందులో తమిళ కుర్రాడు బాలు, తెలుగు అమ్మాయి స్వప్న ఇరుగుపొరుగు ఇళ్లవాళ్లు. ఊరు విశాఖపట్నం. ఒకరి భాష ఒకరికి రాదు. తెర మీద ప్రేమికులకు ఉన్న ఇబ్బందే హాల్లో కూర్చున్న మద్రాసు ప్రేక్షకుడికీ ఉంది. ఇద్దరూ దాన్ని కళ్లతోనే దాటారు.

ఆ ప్రేమకథలో వస్తువులు మాట్లాడినంతగా మనుషులు మాట్లాడరు. బాలు ఫోటోను తన తల్లి తగలబెడితే, స్వప్న ఆ బూడిదను కప్పులో కలుపుకుని తాగేస్తుంది. అక్కడ రచయితకు పని లేదు. ఫోటో, నిప్పు, కప్పు అన్నీ ఇంట్లో ఎప్పుడూ ఉండేవే. తల్లికీ కూతురికీ మధ్య ఇక రాజీ లేదన్న సంగతి వాటితోనే తేలిపోయింది. మరోచోట ప్రేమికులిద్దరూ లిఫ్టులో ఇరుక్కుంటారు. తెలుగు సినిమా పేర్లను దండగా గుచ్చి బాలు పాట అందుకుంటాడు. మిగతా సినిమాలో వాళ్ల స్వేచ్ఛకు గుర్తు హద్దుల్లేని సముద్రం. ఇక్కడ నాలుగడుగుల ఇనుప పెట్టె ఆ పని చేసింది. రెండు అంతస్తుల మధ్య ఆగిపోయిన ఆ కాసేపు పెద్దల కట్టడి వాళ్లను అందుకోలేదు.

ఫ్రేములో ఏముండాలి, ఏముండకూడదు, మనిషి ఎక్కడ నిలబడాలి, వెలుగు ఏ వైపు నుంచి పడాలి, ఒంటి మీద ఏ రంగు బట్ట ఉండాలి అన్న లెక్కంతటినీ కలిపి దృశ్యరచన అంటారు. నాటకాల వాళ్ల దగ్గర పుట్టి సినిమాకు చేరిన విద్య ఇది. తెలుగు సినిమాలో ఈ విద్య ఎలా మారుతూ వచ్చిందో చూడాలంటే విశాఖ మంచి ఊరు. కొండ, సముద్రం, రేవు, రైలు పట్టాలు, జలాంతర్గామి, ఉక్కు కొలిమి ఒక్క ఊళ్లోనే దొరుకుతాయి. వాటిలో కెమెరా ఏది ఎంచుకుంది, దేన్ని వదిలేసింది అన్నదే ఈ కథ.

మొదట్లో ఊరు ఉంది గానీ తెర మీద లేదు. విశాఖ రేవు 1933లో మొదలైంది. మరికొన్నేళ్లకే ఇక్కడ ఆంధ్రా సినీటోన్ వెలిసింది. 1938లో ‘భక్త జయదేవ’ ఆ సంస్థ పేరు మీదే వచ్చింది. అదే కాలంలో రాజమండ్రిలో దుర్గా సినీటోన్ కూడా నడిచింది. రెండూ నిలదొక్కుకోలేదు. తెలుగు సినిమా మద్రాసు చేరి స్టూడియో ఫ్లోర్లలో స్థిరపడింది. ఆ కాలపు దృశ్యరచన అంటే సెట్టు, తెర, లైటు. ‘మాయాబజార్’ (1957)లో మార్కస్ బార్ట్‌లీ చూపించిన వెన్నెల కూడా కెమెరామన్ పనితనంతో పుట్టిందే. పౌరాణికానికి అది చక్కగా సరిపోయింది. సాంఘికానికి మాత్రం పట్టణం కావలసి వచ్చినప్పుడల్లా అట్ట గోడలతో పట్టణాన్ని కట్టుకోవలసి వచ్చేది.

బాలచందర్ ఆ అట్ట గోడలను వదిలి తీరానికి వచ్చాడు. రంగుల చిత్రాలు మామూలైపోతున్న రోజుల్లో ‘మరో చరిత్ర’ను నలుపు తెలుపుల్లో తీశాడు. కెమెరామన్ బి.ఎస్. లోక్‌నాథ్. అంతకుముందే బాలచందర్ ‘అపూర్వ రాగంగళ్’కు నలుపు తెలుపు ఛాయాగ్రహణంలో జాతీయ అవార్డు అందుకున్నవాడు. రంగు తీసేస్తే విశాఖ తీరంలో మిగిలేవి ఆకారాలే: తెల్లటి నురగ, నల్లటి రాళ్లు, బూడిదరంగు ఆకాశం, వాటి ముందు ఇద్దరు మనుషుల నీడలు. పోస్టర్లలో కనిపించే నీలం, పచ్చ లేకపోయేసరికి ఆ అందమైన తీరమే పెద్దల మొండితనంలా, రానున్న ఆపదలా కనబడింది.

ఈ తీరంలో వెలుగుకు ఒక క్రమం ఉంది. తూర్పు తీరం కాబట్టి సూర్యుడు సముద్రంలోంచి పైకి వస్తాడు, సాయంత్రానికి కొండల వెనక్కి పోతాడు. అలల మీద మెరుపు, దాని ముందు నల్లటి ఆకారాలు కావాలంటే యూనిట్ తెల్లవారకముందే ఇసుకలో దిగాలి. మధ్యాహ్నం దాటితే వెలుగు ఊరివైపు నుంచి పడుతుంది. సముద్రానికి వీపు పెట్టి నిలబడినవాళ్ల ముఖాలు స్పష్టంగా కనిపిస్తాయి, వెనక నీళ్లు మాత్రం జిగి తగ్గి చదునైపోతాయి. 1981లో ఎల్.వి. ప్రసాద్ నిర్మాణంలో, బాలచందర్ దర్శకత్వంలోనే ‘ఏక్ దూజే కే లియే’గా ఈ కథ హిందీకి వెళ్లినప్పుడు ఊరు గోవా అయింది, రంగులు వచ్చాయి. అక్కడ సూర్యుడు సముద్రంలోనే అస్తమిస్తాడు. కథ ఒకటే, నాయకుడూ అదే కమల్ హాసన్, కెమెరామన్ కూడా లోక్‌నాథే. అయినా దేశానికి ఆ పక్క వెలుగు వేరు, ఈ పక్క వెలుగు వేరు.

ఎనభైల్లో దర్శకుడు జంధ్యాల విశాఖను ఇంకో రకంగా వాడుకున్నాడు. ‘నాలుగు స్తంభాలాట’ (1982), ‘రెండు జెళ్ల సీత’ (1983) వంటి సినిమాలతో ఈ ఊరు మధ్యతరగతి హాస్యానికి ఇల్లయింది. హాస్యనటులు వీరభద్రరావు, వేలులకు ‘సుత్తి’ ఇంటిపేరైంది కూడా ఆ మొదటి సినిమాతోనే. ఈ ధోరణిలో సముద్రం పెద్ద పాత్ర కాదు. డాబా మీంచి చూస్తే అదొక నీలం గీత, అంతే. ముందు వరసలో కుర్చీలు, అరుగులు, గుమ్మాలు, ఎత్తుపల్లాల వీధులు. ఆ వీధుల్లో నడిచేవాళ్లు మన పక్కింటివాళ్లే అని నమ్మించడానికి ఆ సామాన్లు చాలు.

అదే సముద్రం 2017లో వేరే అవతారం ఎత్తింది. ఆర్.కె. బీచ్ రోడ్డు మీద ఇసుకలో ఆగి ఉన్న ఐఎన్ఎస్ కురుసురా ఒకప్పటి సోవియట్ తయారీ జలాంతర్గామి. 1969లో నౌకాదళంలో చేరి 2001లో విరమణ పొందింది. 2002 నుంచి మ్యూజియం. పొడవు 91 మీటర్లు దాటినా లోపల నడిచేటప్పుడు తల వంచాలి, గుండ్రటి ద్వారాల్లోంచి ఒక కాలు ముందు పెట్టి ఒళ్లు ముడుచుకుని దూరాలి. దర్శకుడు సంకల్ప్ రెడ్డికి ‘ఘాజీ’ ఆలోచన వచ్చింది ఈ జలాంతర్గామిని చూశాకే. 1971 డిసెంబరు 3–4 రాత్రి విశాఖ తీరంలో పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మునిగిపోయిన ఘటన ఆ సినిమాకు మూలం.

జలాంతర్గామి లోపలి భాగాన్ని సెట్టుగా వేసి తీశారు. అక్కడ దృశ్యరచనకు నియమం ఒక్కటే: చోటు ఉండకూడదు. గొట్టాలు, మీటర్లు, తలకు తగిలే కప్పు, పక్కవాడి భుజం. ఆపద వేళ లైటు ఎర్రబడితే ముఖాలన్నీ ఒకే రంగులోకి మారిపోతాయి. శత్రువు ఎక్కడున్నాడో లోపలివాళ్లకు కనిపించదు. చెవికి పెట్టుకున్న యంత్రంలో చప్పుడు వినే మనిషి కనుబొమ్మలను బట్టి మిగతావాళ్లు ప్రమాదం దూరాన్ని లెక్కేసుకోవాలి, వాళ్లతోపాటు ప్రేక్షకుడూ. కెప్టెన్‌గా కే కే మేనన్, కింది అధికారిగా రానా ఒకరి మాట ఒకరు కాదనుకునే చోట్ల ఇద్దరికీ ఎడంగా జరిగే వీలు లేదు. బయట గదిలో అయితే కోపం వచ్చినవాడు తలుపు వేసుకుని వెళ్లిపోవచ్చు. ఇక్కడ ఇరుకే వాదనను పెంచింది. ‘మరో చరిత్ర’లో ప్రేమికులకు ఊపిరిచ్చిన నీళ్లే ఇక్కడ నాలుగు వైపుల నుంచీ ఊపిరి బిగించాయి. ఆ ఏడాది జాతీయ అవార్డుల్లో ఉత్తమ తెలుగు చిత్రం ఇదే.

మరుసటి ఏడాది, 2018 సెప్టెంబరు 7న, సముద్రాన్నే నమ్ముకోని విశాఖ సినిమా వచ్చింది. పేరు ‘కేరాఫ్ కంచరపాలెం’. వెంకటేష్ మహా దర్శకత్వం, ప్రవీణ పరుచూరి నిర్మాణం. రేవుకూ రైలుకూ పరిశ్రమలకూ మనుషులను అందించే పేట కంచరపాలెం. చిన్న గదులు, ఇరుకు సందులు, ఆరేసిన బట్టలు, బయట కూర్చుని కబుర్లాడే జనం. 80 మందికి పైగా అక్కడివాళ్లే నటించారు. మాటలను తర్వాత డబ్బింగ్ థియేటర్లో చెప్పించకుండా అక్కడికక్కడే రికార్డు చేశారు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత రోమ్ వీధుల్లో, నటన తెలియని మనుషులతో విట్టోరియో డి సికా ‘బైసికిల్ థీవ్స్’ (1948) తీసినప్పటి పద్ధతికి ఇది దూరపు చుట్టం.

ఆ సినిమా అసలు గట్టితనం దాచడంలో ఉంది. బడి వయసు సుందరం, కండలు పెంచిన కుర్రాడు జోసెఫ్, మద్యం దుకాణంలో పనిచేసే గడ్డం, పెళ్లికాని నలభైతొమ్మిదేళ్ల అటెండర్ రాజు. నాలుగు ప్రేమకథలు పక్కపక్కనే నడుస్తాయి. నాలుగూ ఒకే ఊళ్లో ఒకే కాలంలో జరుగుతున్నాయని ప్రేక్షకుడు అనుకుంటాడు. ఆ నలుగురూ ఒక్క మనిషేనని చివర్లో తెలుస్తుంది.

ఇలా నమ్మించడానికి దర్శకుడు అబద్ధం చెప్పలేదు, ఆనవాళ్లను తగ్గించాడు అంతే. మామూలుగా పాత రోజులను చూపాలంటే సినిమావాళ్లు పాత కారు, పాత పోస్టరు, బెల్‌బాటం ప్యాంటు తెచ్చి పెడతారు. ఇక్కడ కాలాన్ని పట్టిచ్చే అలాంటి గుర్తులు కంటికి అడ్డం పడవు. సందులు, గోడలు, లుంగీలు, అరుగులు ఏ దశాబ్దానికైనా సరిపోయేవి. పేర్లు, మతపు గుర్తులు మారుతూ ఉంటే వీళ్లు వేర్వేరు మనుషులని ప్రేక్షకుడే తేల్చేసుకుంటాడు. నలుగురికీ నటులు వేరు కావడం ఆ నమ్మకాన్ని ఇంకా బిగించింది. పెద్దగా మారని పేట కాబట్టే ఈ ఎత్తు పారింది. రోజుకో ఫ్లైఓవర్ లేచే చోట ఇలా తీయడం కష్టం.

గడ్డం కథలో మరో పొదుపు ఉంది. రోజూ రాత్రి దుకాణానికి వచ్చే సలీమా ముఖానికి గుడ్డ కట్టుకుని ఉంటుంది. కళ్లు మాత్రమే కనిపిస్తాయి. అతను ప్రేమించింది ఆ కళ్లను. ప్రేక్షకుడికీ అంతకంటే ఎక్కువ చూపించరు. ఆమె ఎవరో, ఏం చేస్తుందో తెలిసేలోపే మనం కూడా అతని పక్షాన చేరిపోయి ఉంటాం.

దీనికి పూర్తి ఎదురు పద్ధతి కరుణ కుమార్ తీసిన ‘మట్కా’ (2024)ది. వరుణ్ తేజ్ నాయకుడు. కథాకాలం 1958 నుంచి 1982 వరకు, ఊరు విశాఖ. ఇక్కడ ప్రతి గుర్తూ కనబడాలి: కారు ఏ సంవత్సరందో, కాలరు ఏ మోస్తరుదో, దుకాణం మీద అక్షరాలు ఎలా ఉండేవో. ఆ కాలపు విశాఖ ఇప్పుడు విశాఖలో దొరకదు కాబట్టి రామోజీ ఫిల్మ్ సిటీలో సెట్టు వేశారు. అట్ట గోడల నుంచి తప్పించుకుని తీరానికి వచ్చిన సినిమా, పాత తీరం కోసం మళ్లీ అట్ట గోడల దగ్గరికే వెళ్లింది.

ఇన్ని సినిమాల్లోనూ అరుదుగా కనిపించేది ఉక్కు. ‘విశాఖ ఉక్కు – ఆంధ్రుల హక్కు’ నినాదంతో 1966లో సాగిన ఉద్యమంలో 32 మంది ప్రాణాలు పోయాయి. 1970 ఏప్రిల్ 17న ఇందిరా గాంధీ పార్లమెంటులో ప్లాంటును ప్రకటించారు. 1971 జనవరి 20న శంకుస్థాపన జరిగింది. పూర్తయిన కర్మాగారాన్ని 1992 ఆగస్టు 1న పి.వి. నరసింహారావు జాతికి అంకితం చేశారు. ఆ బ్లాస్ట్ ఫర్నేసుల పేర్లు గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ. కరిగిన ఇనుము వెలుగు, దాని ముందు చిన్నగా కనిపించే మనిషి, ఆ మనిషి వేసుకున్న హెల్మెట్టు, బూట్లు. కెమెరాకు ఇంతకంటే ఏం కావాలి?

1971లోనే ఘాజీ మునిగింది, 1971లోనే ఉక్కుకు రాయి పడింది. మొదటిది పెద్ద సినిమా అయింది, రెండోది కాలేదు. అనుమతులు దీనికి ఒక కారణం. తూర్పు నౌకాదళ కేంద్రం ఉన్న ఊరిది. డాల్ఫిన్స్ నోస్ కొండ, రేవు, ప్లాంటు అన్నీ కాపలా ఉన్న చోట్లు, బీచ్ రోడ్డులా ఎవరు పడితే వారు వెళ్లి కెమెరా పెట్టే వీలు లేదు. కథ తీరు రెండో కారణం. యుద్ధంలో నాయకుడూ శత్రువూ ఎదురెదురుగా ఉంటారు. ఉక్కు కథలో వేలమంది కార్మికులు, భూములిచ్చిన ఊళ్లు, ఢిల్లీ ఫైళ్లు ఉంటాయి. వాటన్నిటినీ ఒక హీరో ముఖం మీదకు తేవడం సులువు కాదు. ప్లాంటు ప్రైవేటీకరణ నిర్ణయం మీద ఆందోళనలు మొదలయ్యాక గద్దర్ నటించిన ‘ఉక్కు సత్యాగ్రహం’ వచ్చింది. రేవు వైపు చూస్తే ‘వాల్తేరు వీరయ్య’ (2023) చేపల హార్బరును చిరంజీవి లుంగీ వెనక నిలబెట్టింది. ‘మజిలీ’ (2019) ఉప్పుగాలిని పక్కన పెట్టి రైల్వే క్వార్టర్స్ మధ్య కాపురం పెట్టింది. ఒక్కో సినిమా ఊరిలో ఒక్కో పేటను తెరకు చేరుస్తోంది. గాజువాక దాటాక వచ్చే ఉక్కునగరం క్వార్టర్లు, షిఫ్టు సైరన్లు, గేటు ముందు సైకిళ్ల వరసలు ఇంకా ఏ పెద్ద దర్శకుడి ఫ్రేములోకీ పూర్తిగా రాలేదు.