పాస్‌వర్డ్ పోయింది, జాగ్రత్త పోకూడదు

షార్జాకు వచ్చిన కొత్తలో నా దగ్గర ఒక చిన్న డైరీ ఉండేది. వీసా, బ్యాంకు, కరెంటు బిల్లు... అన్ని పాస్‌వర్డ్‌లూ అందులోనే. ఇప్పుడు దాని అవసరం దాదాపు తీరిపోయింది. కారణం యూఏఈ పాస్.

2018లో మొదలైన ఈ జాతీయ డిజిటల్ గుర్తింపు యాప్‌లో ఎమిరేట్స్ ఐడీతో నమోదు కావాలి. 2021 నుంచి ముఖం స్కాన్ చేసి ఇంట్లో కూర్చునే ఆ పని చేసుకోవచ్చు. ఆ తర్వాత చాలా ప్రభుత్వ సేవలకు వేరే పాస్‌వర్డ్ అక్కర్లేదు. లాగిన్ అవుతుంటే ఫోన్‌కు రిక్వెస్టు వస్తుంది, మనం ఓకే చేస్తే చాలు. డిజిటల్ సంతకం కూడా దీంతోనే.

బ్యాంకులదీ ఇదే దారి. ఎస్సెమ్మెస్, ఈమెయిల్ ఓటీపీలను 2025 జులై 25 నుంచి దశలవారీగా తీసేయడం మొదలుపెట్టాయి. దీనికి పెట్టుకున్న గడువు 2026 మార్చి. ఓటీపీ బదులు బ్యాంకు యాప్‌లోనే ఆమోదం తెలపాలి.

గూగుల్, యాపిల్, మైక్రోసాఫ్ట్ తెచ్చిన పాస్‌కీ ఇంకో మెట్టు. రహస్య తాళంచెవి మన దగ్గరే ఉంటుంది, సైటు దగ్గర దాని జోడీ మాత్రమే ఉంటుంది. అది అసలు సైటు చిరునామాకే పనిచేస్తుంది కాబట్టి నకిలీ సైటు దాన్ని లాక్కోలేదు.

అయినా దొంగలు ఊరుకోరు. కిందటేడు మా గదిలో ఉండే కరీంనగర్ తమ్ముడికి అధికారినంటూ ఎవరో ఫోన్ చేశారు. "మీ ఐడీ అప్‌డేట్ చేస్తున్నాం, ఫోన్‌కు వచ్చిన రిక్వెస్టు ఓకే చేయండి" అన్నారు. వాడు వేలు పెట్టబోతుంటే నేను ఆపాను. ఓకే చేసి ఉంటే వాడి పేరుతో వాళ్లు లోపలికి వెళ్లేవాళ్లు. అడగడానికి ఓటీపీ లేకపోతే, వాళ్లు అడిగేది మన ఆమోదమే.

అందుకే మూడు మాటలు. మీరు మొదలుపెట్టని రిక్వెస్టును ఎవరు చెప్పినా ఒప్పుకోకండి. పాత ఫోన్ అమ్మేముందు యాప్‌లు తీసేసి, మొత్తం రీసెట్ చేయండి. ఇండియా ఖాతాల కోసం అక్కడి సిమ్‌ను రీఛార్జి చేస్తూ ఉండండి. ఓటీపీ కాకుండా ఇతర పద్ధతులకూ దారి తెరిచే రిజర్వు బ్యాంకు నిబంధనలకు అమలు తేదీ 2026 ఏప్రిల్ 1 అయినా, ఎస్సెమ్మెస్ ఓటీపీని అవి రద్దు చేయలేదు.

మీ గదిలోకి ఊరినుంచి కొత్తగా ఎవరైనా వస్తే, యాప్ పెట్టించిన రోజే ఆ మొదటి మాట చెప్పండి.