సూయజ్ కాలువ, పౌను విలువ

యుద్ధమనగానే మనకు ఫిరంగులే స్ఫురించును. 1956లో ఒక యుద్ధము ఖజానా లెక్కల వద్ద ఆగిపోయినది.

ఆ జూలైలో అమెరికా ఆస్వాన్ ఆనకట్టకు ఇవ్వజూపిన ధనసహాయమును ఉపసంహరించుకొన్నది. వారము దినములకే, 26వ తేదీన, ఈజిప్టు అధ్యక్షుడు నాసర్ సూయజ్ కాలువ కంపెనీని జాతీయము చేసెను. అక్టోబరు చివర ఇజ్రాయెలు, దాని వెంట బ్రిటను, ఫ్రాన్సు ఈజిప్టుపై దాడికి దిగినవి. రణరంగమున వానిదే పైచేయి. లండనులో మాత్రము బంగారము, డాలర్ల నిల్వలు కరగిపోవుచుండెను. పౌను విలువ నిలుచునన్న నమ్మకము వర్తకులకు సడలినది. అంతర్జాతీయ ద్రవ్యనిధి నుండి సొమ్ము తీసికొందమన్న, కాల్పులు ఆపినగాని అమెరికా సమ్మతింపదు. దాడిని గట్టిగా సమర్థించిన ఆర్థికమంత్రి మాక్మిలనే ఇక ఆపక తప్పదనెను. ఫ్రాన్సు ముందుచూపుతో అక్టోబరులోనే ద్రవ్యనిధి వద్ద తన ఏర్పాటు తాను చేసికొన్నది. బ్రిటనుకు ఆపాటి జాగ్రత్త ఏల లేకపోయెనో మనకు వింతగానే తోచును.

నవంబరు 6 అర్ధరాత్రి కాల్పులు ఆగినవి. అయినను అప్పు వెంటనే పుట్టలేదు. సేనలను మరలించెదమని బ్రిటను డిసెంబరులో ప్రకటించిన పిమ్మటనే ద్రవ్యనిధి 56 కోట్ల 10 లక్షల డాలర్లు మంజూరు చేసినది. డిసెంబరు 22న కడపటి ఆంగ్ల, ఫ్రెంచి సైనికులు పోర్టు సయీదులో ఓడ లెక్కిరి.